కానుక సంచిలో మూడు చీటీలు

మా అక్క పొయ్యి వెలిగించే ముందు దేవుణ్ణి అడిగేది. అగ్గిపుల్ల చేత్తో పట్టుకొని, కళ్ళు మూసి, పెదాలు రెండు మూడు సార్లు కదిపి, తర్వాతే గీసేది. తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తం మా ఊరు, అక్కడ మా వీధి చివరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పనిలో ఆమె పద్దెనిమిదేళ్ళు ఉండింది. ఒక్కరోజు కూడా అడక్కుండా గీయలేదు.

"ఏమడుగుతావు అక్కా, సాంబార్లో ఉప్పెంత వెయ్యాల్ననా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"నీ నోట్లో ఎంత పొయ్యాల్ననిరా" అనేది.

ఆ బడిలోనే నేను ఏడో క్లాసు దాకా చదివి మానేశాను. మానేశాను అనడం నా మర్యాద కోసం. తనిఖీకి వచ్చిన ఆఫీసరు "పెద్దయినాక ఏమవుతావు" అని అడిగితే "మీ మాదిరి బిస్కెట్లు తినిపోయేవాణ్ణి అవుతా సార్" అన్నాను. ఆ తర్వాత బడికీ నాకూ పొసగలేదు. మైకుసెట్టు అంగట్లో పనికి చేరాను, ఇప్పుడు ఆ అంగడి నాదే. ఆదివారం సువార్తకు, మే నెలలో గంగమ్మ జాతరకు, మధ్యలో వచ్చే ఎలక్షన్లకు అవే బాక్సులు, అవే గొట్టాలు. బాక్సుకు మతం లేదు, ఫ్యూజు మాత్రం ఉంది.

మా చర్చి చిన్నది. చిత్తూరు వైపు నుంచి కూలిపనికి వచ్చిన మా తాతలు కట్టుకున్నది. పాడేది తెలుగులో, కానీ సగం మందికి తెలుగు అక్షరాలు రావు కాబట్టి పాటల పుస్తకంలో తెలుగు పాటలు తమిళ అక్షరాల్లో అచ్చేసి ఉంటాయి. ముందున్న పాస్టరు అయ్యగారు ముసలాయన. గంగమ్మ నెలలో మా ఎదురింటి అవ్వ వీధంతటికీ అంబలి పోస్తుంటే, చర్చి బెంచీలు రెండు ఆమె వాకిట్లో వేయించి, తనూ ఒక చెంబు తాగి, "ఉప్పు తక్కువమ్మా" అని చెప్పి వచ్చేవాడు. ఎవరి దేవుడికీ కోపం వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఆ అవ్వ లుంగీలు నేసే ఇంటి మనిషి. మా అమ్మ అగ్గిపెట్టెల పనికి పోయి, దగ్గు పట్టుకొని మంచాన పడిన ఎండాకాలమంతా అక్కకూ నాకూ మధ్యాహ్నం కడుపు నింపింది ఆమే. జాతర అయిపోయినా మాకోసం అంబలి కాచేది. అమ్మ పోయాక అక్క నన్ను పెంచింది, అవ్వ మా ఇద్దరికీ పోసింది. ఇంతకంటే మా వంశచరిత్ర లేదు.

అయ్యగారు పోయిన ఏడాదికి మాకు వాక్యం చెప్పడానికి వేలూరు అన్న వచ్చాడు. ఆయన అసలు పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు, వేలూరు అన్న అంతే. తెల్ల కారు, ముంజేతుల దాకా బొత్తాలు పెట్టిన తెల్ల చొక్కా. నోరు తెరిస్తే మాత్రం మా ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు. పెద్ద స్టేజీ ఎక్కి మా తెలుగు మాట్లాడిన మనిషిని మేము అంతకుముందు చూడలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. నేను జోకు వేస్తే ఆయన నవ్వేవాడు. నా జోకుకు నవ్వేవాణ్ణి నేను తొందరగా నమ్ముతాను. అది నా జబ్బు.

మా చర్చి ముందు పెట్టిన మొదటి కూటంలో నా గొట్టాల్లోంచే ఆయన చెప్పాడు: "ఈ లోకంలో ఏడు కొండలుండాయి. సర్కారు ఒక కొండ, బడి ఒక కొండ, వ్యాపారం, కుటుంబం, పేపరూ టీవీ, సినిమా, ఆరాధన. ఈ పొద్దు వాటి మీద ఎవురు కూచోనుండారు? మనోళ్ళు కాదు. మనము అడుక్కుంటా కింద నిలబడుకోని ఉండాము. ఎక్కి కూచోవాల." ఎదురింట్లో అవ్వకు చెవులు సరిగా వినపడవు. ఏడు కొండలన్న మాట ఒక్కటి అందింది. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి, చర్చి వైపు తిరిగి, చెంపలేసుకొని దండం పెట్టుకుంది. నేను నవ్వాపుకోలేక ఆంప్లిఫయరు వెనక దూరాను. అన్న కూడా చూసి నవ్వాడు. కానీ ఆ నవ్వు పూర్తిగా నవ్వలేదు.

తర్వాత ఆయన మమ్మల్ని నడిపించాడు. బైబిలు కథలో కోట చుట్టూ ఏడుసార్లు తిరిగితే గోడ కూలినట్టు, ఒక ఆదివారం పొద్దున్నే ఒక సర్కారు ఆఫీసు చుట్టూ నలభై మందిమి మాట్లాడకుండా ఏడు చుట్లు తిరిగాం. మూడో చుట్టుకు వాచ్‌మన్ బయటికి వచ్చి "ఏమన్నా పోగొట్టుకున్నారాప్పా, నేనూ వెతుకుతా" అన్నాడు. ఎవరూ పలకలేదు. నేను కూడా. ఇంటికి వచ్చాక అక్క అంది: "గోడ పడకపోతే పోయె. నువ్వు గంటసేపు నోరు మూసుకునింది చాల్లేరా, అదే అద్భుతం."

అప్పటికి అది నాకు తమాషాగానే ఉండింది. అక్కకు కాదు. ఆమె నడిచినంతసేపూ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

ఎలక్షన్లు వచ్చాయి. మా వార్డు ఈసారి రిజర్వేషన్లో ఆడవాళ్ళకు పోయింది. మనవాళ్ళలో ఒకరు నిలబడాలి, మొదట వార్డు, తర్వాత ఊరు, తర్వాత జిల్లా అన్నాడు అన్న. ఎవరు నిలబడాలో మనుషులు తేల్చకూడదు, దేవుడే తేల్చాలి అన్నాడు. మా చర్చిలో పెద్దల్ని చీటీ వేసి ఎంచుకోవడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. మూడు పేర్లు రాసి, మడిచి, కానుకలు పట్టే ఎర్ర ముఖమల్ సంచిలో వేస్తారు. అందరిలోకీ పెద్దావిడ కళ్ళు మూసుకొని ఒకటి తీస్తుంది. మిగిలిన రెండూ ఎవరూ విప్పి చూడకూడదు. దేవుడు వద్దన్న పేరు మనుషులు చదివితే ఆ మనిషికి చిన్నతనం అని. ఆ రెండూ చింపేయాలి.

మూడు పేర్లు: ఆంబూరు బూట్ల కంపెనీలో సూపర్వైజరు పెండ్లాం, బ్లౌజులు కుట్టే ఒకామె, మా అక్క. చీటీలు రాసే పని నాకు అప్పజెప్పారు. వైర్ల మీదా బాక్సుల మీదా రాసి రాసి నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. బయట జనం ముందర అన్న "వీడికి ఎవురితో పగ లేదు, వీడు రాయనీ" అన్నాడు. తర్వాత నన్ను మెట్ల కిందికి పిలిచి భుజమ్మీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, సూపర్వైజరింటామె చీటీ కొంచెం మందంగా మడుచు. ముసలామెకు చేతికి తగలాల కదా."

"దేవుడు తేలుస్తాడంటిరే అన్నా."

"దేవుడికి దోవ మనము సులువు చెయ్యాల నాయనా. ఆమింట్లో కారుండాది, మొగుడి చేతికింద మూడొందల మంది ఉండారు. మీ అక్క మంచిదే. మంచిదంటే సరిపోతాదా?"

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఆంప్లిఫయరు వచ్చిన అట్టపెట్టె చింపి, మార్కర్ పెన్నుతో మూడు చీటీల మీదా మా అక్క పేరే రాశాను. ఎందుకు రాశావంటే రెండు సగాలు చెప్పాలి. సగం, వాళ్ళ ఆటలో వాళ్ళనే ఓడించి నవ్వుకోవాలని. సగం, మా ఇంట్లో ఎవరైనా ఒక్కసారి కుర్చీలో కూర్చుంటే చూడాలని. అక్క "ఛీ పోండి, నాకు పొయ్యి మీద అన్నముండాది" అని లేచిపోతుందనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఒక మనిషి రోజూ దేవుణ్ణి అడుగుతుంటే, దేవుడు తిరిగి పిలిచాడనిపించిన రోజు ఏం చేస్తుందో ఆలోచించలేదు.

పెద్దావిడ తీసింది. అన్న విప్పాడు. మైకు ముందర ఆయన ఎంతసేపు ఊరకున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే శబ్దం చూసేది నా పని. రెండు క్షణాలు. ఆ తర్వాత ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మూడు దినాల ముందే ప్రభువు ఈ పేరు నాకు చూపించినాడు" అన్నాడు, మా అక్క పేరు చదివాడు.

మిగిలిన రెండు చీటీలు చింపమని సంచి నాకే ఇచ్చారు. చింపితే ముక్కలు ఎవరైనా ఏరతారని, తమలపాకులో పెట్టి వక్కతో కలిపి నమిలేశాను. అట్ట కాబట్టి నమలడానికి చాలాసేపు పట్టింది. అన్న పక్కనుంచి పోతూ నా భుజం నొక్కి "మంచి చేతిరాత తమ్ముడూ" అన్నాడు. ఆయనకు తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది. ఆయన సంగతి నేను చెప్పలేను, నా సంగతి ఆయన చెప్పలేడు. ఒకే తాడుకు కట్టిన రెండు మేకల మాదిరి నిలబడ్డాం.

అక్క లేచిపోలేదు. మోకాళ్ళ మీద కూర్చొని ఏడ్చింది. బడిలో వంటపని వదిలితే గాని నిలబడకూడదన్నారు. మరుసటి వారమే వదిలేసింది. నేను రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ ఆమె మొహం చూసి జోకు చెప్పి వచ్చాను.

గెలిచింది. మనవాళ్ళ ఓట్లతోనే కాదు, అవ్వా, నేతగాళ్ళూ, అక్క వండిన అన్నం తిని పెద్దయిన పిల్లలూ వేశారు. మొదటిరోజు అన్న మనుషులు వచ్చి ఆమె కూర్చునే కుర్చీకి ప్రార్థన చేసి నూనె రాసి పోయారు. ఆమె కూర్చోబోయి జారింది. "కొండెక్కేటప్పుడు ఇట్లే జారతాదక్కా" అన్నాను. నవ్వింది. ఆమె అట్లా నవ్వడం అదే చివరిసారి అని రాయాలని లేదు, కానీ అదే.

శనివారం శనివారం వేలూరుకు పోవాలి. కోటకు అవతల ఒక మేడ మీద గది. చుట్టుపక్కల ఊళ్ళల్లో సీట్లు దొరికిన మనవాళ్ళందరూ వస్తారు. అక్కను బస్సులో నేనే పిల్చుకొని పోయేవాణ్ణి. అక్కడ మైకు కూడా నాదే. మొదట పాట, ప్రార్థన. తర్వాత ఒక్కొక్కరూ లేచి ఈ వారం ఏ కాగితం మీద సంతకం పెట్టారో, వచ్చే వారం ఏది రాబోతుందో చెప్పాలి. ఏది పెట్టాలి ఏది పెట్టకూడదు అన్న ప్రార్థించి చెబుతాడు. గోడకు ప్రతి వార్డు పటమూ తగిలించి ఉంది. మన ఇళ్ళకు తెల్లరంగు, మనవి కాని ఇళ్ళకు నల్లరంగు. వీధి దీపం, కాలవ, కుళాయి ఏదైనా ముందు తెల్ల ఇళ్ళ వైపు మొదలు కావాలని రూలు. మా వీధి చూశాను. మా ఇల్లు తెలుపు. ఎదురిల్లు నలుపు. నడుమ ఉన్న దారి పది అడుగులు ఉంటుంది.

అక్క ఆ నల్ల గడిని చాలాసేపు చూసింది. అడగలేదు. ఆమె అడగాల్సింది దేవుణ్ణి, దేవుడు అన్న నోటితో చెబుతున్నాడు కదా.

ఇట్లాంటి అన్నలు అవతలి మతం వైపు కూడా ఉన్నారు. వాళ్ళ కూటాలకూ మైకు కట్టాను, వాళ్ళ దగ్గరా పటాలున్నాయి, రంగులు తిరగేసి ఉంటాయి. కానీ వాళ్ళను కుర్చీ ఎక్కించింది నేను కాదు.

మే నెల వచ్చింది. ఏరు ఎండింది, కుళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు. జాతరకు ప్రతి ఏడూ వార్డు మనిషి మా వీధికి రెండు తన్నీ లారీలు పంపించడం అలవాటు. తన్నీ అంటే తమిళంలో నీళ్ళే. మా వీధిలో తెలుగువాళ్ళకూ అదే మాట. ఆ శనివారం అక్క లేచి లారీల సంగతి చెప్పింది. అన్న కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

"వద్దంటాడమ్మా. ఆ కుర్చీ ప్రభువుది. ఆ చేత్తో విగ్రహానికి నీళ్ళు పొయ్యకూడదు."

"విగ్రహానికి కాదన్నా, అంబలికి. తాగేదానికి."

"ఎవురి పేరు మీద పోస్తారు ఆ అంబలి? చెప్పు. నిన్ను ఎంచింది వీధి కాదమ్మా, ఆయన. వద్దన్నాక వద్దే. ఎండకు నాలుక పిడచగడితే ఎవురు నీళ్ళిస్తారో అప్పుడు తెలుస్తాది వాళ్ళకి."

అక్క "సరి అన్నా" అని కూర్చుంది. పదిమంది ఆమెన్ అన్నారు. నా గొట్టాల్లో అది బాగా వినిపించింది.

తిరుగు బస్సులో చెప్పేశాను. బస్సయితే అక్క కొట్టడానికి ఉండదు, లేచి వెళ్ళడానికి ఉండదు అని. కిటికీ పక్కన ఆమె, ఇటు నేను, ఒళ్ళో ఆంప్లిఫయరు.

"అక్కా, నిన్ను దేవుడు ఎంచలేదు."

"మళ్ళా మొదలుపెట్టినావా."

"జోకు కాదు. మూడు చీటీల మీదా నీ పేరే నేనే రాసినా. తక్కిన రెండూ నమిలి మింగినా."

ఆమె నా నోటి వైపు చూసింది, ఇంకా అక్కడ ఉన్నాయేమో అన్నట్టు. నేను ఆగకుండా మెట్ల కింద మాట కూడా చెప్పాను. మందంగా మడవమన్నది, కారుండాదన్నది, మంచిదంటే సరిపోతాదా అన్నది. పళ్ళికొండ వచ్చి, మనుషులు దిగి, ఎక్కి, బస్సు కదిలాక అక్క కొంగు సర్దుకొని అడిగింది.

"మూడు దినాల ముందే చూసినా అన్నాడే."

"ఆయన చూసింది సూపర్వైజరు పెండ్లాన్ని."

"ఆ పొద్దు ఏడ్చినాడు."

"నేను కూడా జనం ముందర ఏడుస్తా అక్కా, కావాలంటే. పెద్ద పని కాదు."

భయమేసి, నాకు తెలిసిన ఒకే విద్య తీశాను. "బైబిల్లో ఒక గాడిద మాట్లాడె కదా అక్కా, దేవుడు దాని నోరు తెరిచినాడని. నన్ను అట్లా అనుకో."

"ఆ గాడిద నిజం చెప్పిందిరా" అంది అక్క. "అదీ కొట్టిన దెబ్బలు పడుతూనే చెప్పింది. నా పని పోయి, ఏడాదయినాక చెప్పలేదు."

గుడియాత్తం స్టాండులో దిగి, నిలబడినచోటే లారీ మనిషికి ఫోను చేసింది. "రెండు బండ్లు కావాలప్పా, మా వీధికి, బుధవారం పొద్దున్నే. అవును, నేనే చెప్తాండా." ఫోను కొంగులో చుట్టుకొని నా వైపు తిరిగింది. "రేపు చర్చిలో చెప్పు. ఊరికంతా గొంతు పెంచేవాడివి, నీది కూడా పెంచు."

మరుసటి రోజు చెప్పాను. ఆరాధన అయ్యాక మైకు చేతికి తీసుకొని ముందుకు పోయాను. అలవాటుగా వేలితో తట్టి "హలో, హలో" అన్నాను. అందుకే కొందరు నవ్వడం మొదలుపెట్టారు. చీటీల సంగతి చెప్పాను, నవ్వు పెరిగింది. తమలపాకు దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల్లో పొట్టలు పట్టుకున్నారు. అన్న మెట్ల కింద చెప్పిన మాట చెప్పబోయేలోపు ఆయనే అందరికంటే గట్టిగా నవ్వి, లేచి వచ్చి నన్ను కావలించుకున్నాడు. "వీణ్ణి ఆంబూరు బిర్యానీ మాదిరి పొట్లం కట్టి అమ్మొచ్చు అయ్యా" అన్నాడు. మైకు ఆయన చేతికి పోయింది. నలభై ఏళ్ళుగా ఈ నోటిలోంచి నిజం ఎప్పుడు బయటికి వచ్చిందని వాళ్ళు నమ్ముతారు? మొదటి బెంచీలో అక్క ఒక్కతే నవ్వలేదు. నన్ను కూడా చూడలేదు. ఎర్ర సంచి తగిలించిన మేకు వైపు చూస్తూ కూర్చుంది.

నీళ్ళ సంగతి సోమవారానికి వేలూరు చేరింది. మంగళవారం అక్కను ప్రార్థన జాబితాలో చేర్చారు. దారి తప్పినవాళ్ళ జాబితాలో. సూపర్వైజరు పెండ్లాం దారిలో ఎదురైతే పక్కకు తిరిగింది. మా తెల్ల ఇల్లు పటంలో ఏ రంగు తిరిగిందో నేను చూడలేదు, నన్నింక ఆ మేడ ఎక్కనీయలేదు. బడిలో వంటకు వేరే ఆమె వచ్చేసి ఉంది. మధ్యాహ్నం తాలింపు వాసన వీధిలోకి వస్తే అక్క తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

బుధవారం లారీలు వచ్చాయి. నేను అవ్వ ఇంటి గోడకు బాక్సు కడుతున్నాను. అక్క లారీ కుళాయి దగ్గర నిలబడి, నల్ల ఇళ్ళు, తెల్ల ఇళ్ళు అని లేకుండా, బిందెల వరుస చూస్తూ ఉంది. అవ్వ తన అంబలి బిందె తెచ్చి కింద పెట్టి, తల ఎత్తింది.

"మీ సామి సరి అన్నాడా పాపా? నీళ్ళు రావని చెప్పినారే వీధిలో."

"అడగలేదవ్వా" అంది అక్క. "నీళ్ళకి కూడా అడగాల్నా?"

అవ్వకు సగమే వినపడి ఉంటుంది, తల ఊపి బిందె పట్టింది. బిందె నిండాక అక్కే దాన్ని వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి దగ్గరికి మోసింది, వంగింది, అవ్వ చేతిలోని అగ్గిపెట్టె తీసుకుంది. నేను గోడ మీద నుంచి చూస్తున్నాను. పుల్ల తీసింది. కళ్ళు మూయలేదు. పెదాలు కదల్లేదు. గీసేసింది.